చాందా కోటగోడ: నాలుగు దర్వాజాలు, అయిదు ఖిడ్కీలు

మహారాష్ట్రలోని చంద్రపూర్ పాత పట్నం చుట్టూ గోండు రాజులు కట్టించిన రాతిగోడ ఉంది. నాలుగు దిక్కులా నాలుగు పెద్ద దర్వాజాలు, వాటి మధ్య అయిదు చిన్న ఖిడ్కీలు, గోడ పొడవునా 39 బురుజులు. 1964 ప్రాంతం వరకు ఈ ఊరి పేరు చాందా. సరిహద్దుకు ఇవతల ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు పెద్దవాళ్ల నోట ఇప్పటికీ ఆ పేరే వినిపిస్తుంది. పడమట ఇరయీ, తూర్పున ఝర్పట్ అనే రెండు నదులు పారుతూ వచ్చి పట్నానికి దక్షిణాన కలుస్తాయి. గోడ ఆ రెండింటి నడుమ ఉంది.

గోడ చుట్టుకొలత ఎంతంటే ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు. ఇంగ్లీషువాళ్ల గెజిటీర్లు అయిదున్నర మైళ్లని రాశాయి. అంటే తొమ్మిది కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఈమధ్య గోడను శుభ్రం చేసినవాళ్లు 11 కిలోమీటర్లంటున్నారు. గోడ తిన్నగా సాగకుండా వంపులు తిరుగుతూ, బురుజు వచ్చినచోటల్లా బయటికి పొడుచుకుంటూ పోతుంది. ఆ ప్రతి మలుపునూ కలిపి కొలిస్తే ఒక లెక్క, కలపకపోతే ఇంకో లెక్క రావడంలో వింత లేదు. ఎత్తు చాలాచోట్ల పదిహేను నుంచి ఇరవై అడుగులు. చెక్కిన రాయి, సున్నపు పని. పైన సైనికుడి గుండెదాకా వచ్చే పిట్టగోడ, అందులో తుపాకీ గొట్టం పెట్టేందుకు రంధ్రాలు.

ఈ గోడ కట్టిన గోండు రాజవంశం మొదట రాజ్యమేలింది సిర్పూర్ నుంచి. అది ఇప్పటి తెలంగాణలోని కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. అక్కడి నుంచి రాజధాని వార్ధా నది ఒడ్డున ఉన్న బల్లార్‌పూర్‌కు, బల్లార్‌పూర్ నుంచి చాందాకు మారింది. గోండీ మాటలు విన్న తెలుగువాడికి అవి అంత పరాయిగా అనిపించవు. ద్రావిడ భాషల్లో తెలుగు, గోండీ ఒకే ఉపశాఖకు చెందినవని భాషాశాస్త్రజ్ఞులు తేల్చారు. వార్ధాకు అవతలి గట్టునున్న రాజురా కూడా నిజాం రాజ్యంలో ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. రాష్ట్రాల పునర్విభజన తరవాతే అది మహారాష్ట్ర లెక్కలోకి పోయింది.

రాజధాని మారిన కారణం గురించి గోండుల్లో ఒక కథ ఉంది. ఖాండక్యా బల్లాల్ షా అనే రాజుకు ఒళ్లంతా కణుతులు. ఏ వైద్యమూ పనిచేయలేదు. భార్య తెలివైనది. సిర్పూర్ గాలి నీకు పడడం లేదు, చోటు మారుదామంది. అలా బల్లార్‌పూర్ కోట వెలిసింది. ఒకరోజు వేటకు వెళ్లిన రాజు దాహమేసి ఝర్పట్ ఒడ్డుకు చేరాడు. ఏరు ఎండిపోయి ఉంది. ఒక గుంటలో మాత్రం కాసిని నీళ్లున్నాయి. తాగి, ముఖం కాళ్లు కడుక్కున్నాడు. ఆ రాత్రి చాలా కాలానికి కంటినిండా నిద్రపట్టింది. తెల్లారి చూస్తే కడుక్కున్నంత మేరా కణుతులు పోయాయి. రాణి ఆ చోటు వెతికించింది. ఇసుక తొలగిస్తే రాతి మీద ఆవు గిట్టల గుర్తుల్లాంటి అయిదు గుంటలు, నిండా నీళ్లు. రాజు ఒళ్లంతా తడుపుకుని పూర్తిగా కోలుకున్నాడు. అక్కడ వెలసిన దేవుడే అంచలేశ్వరుడు.

కొన్నాళ్లకు అదే చోటుకు దగ్గర్లో రాజు మరో వింత చూశాడు. నుదుట తెల్లమచ్చ ఉన్న కుందేలొకటి ఆయన వేటకుక్కను తరుముతోంది. కుక్క పెద్ద చుట్టు చుట్టి పరుగెత్తుతోంది. ఒకచోట కుందేలు దాన్ని అందుకోబోయింది. చివరికి కుక్కే తిరగబడి కుందేలును చంపింది. రాజు వచ్చి చెబితే రాణి అది శుభశకునమంది. ఆ రెండూ పరుగెత్తిన దారి వెంబడే గోడ కట్టి, లోపల నగరం వెలయించమంది. కుక్కా కుందేలూ కలియబడిన చోట్ల గట్టి బురుజులు కట్టాలనీ, నగరానికి ఎప్పటికైనా ముప్పు వస్తే అక్కడి నుంచే వస్తుందనీ హెచ్చరించింది.

కుందేలు కుక్కను తరిమిన కథ తెలుగువాళ్లకు కొత్త కాదు. విజయనగర స్థాపన గురించీ ఇదే చెబుతారు. దక్కనులో ఇంకా కొన్ని రాజధానులకూ ఈ కుందేలు సాక్ష్యం పలికింది. బలహీనుడు బలవంతుణ్ణి ఎదిరించగల నేల ఇదని చెప్పుకోవడానికి రాజవంశాలకు ఇంతకంటే మంచి కథ దొరకలేదు కాబోలు. చాందా కథలో మాత్రం ఒక తేడా ఉంది. ఇక్కడ కుందేలు చివరికి చస్తుంది. నేల బలాన్ని పొగుడుతూనే గోడ ఎక్కడ బలహీనమో కూడా కథే చెప్పేస్తుంది. నగరానికి ముగ్గు వేసినది కూడా రాజు కాదు, రాణి.

గోడకు నక్షా గీసింది తేల్ ఠాకూర్ అనే శిల్పి అని చెబుతారు. పని ఒక్క తరంలో పూర్తికాలేదు. 1869లో చాందా జిల్లా భూమి శిస్తు నివేదిక రాసిన మేజర్ లూసీ స్మిత్ స్థానిక వంశావళులను, కథలను సేకరించి అందులో పొందుపరిచాడు. ఈ రాజుల గురించి ఇప్పుడు ప్రచారంలో ఉన్న సంగతుల్లో చాలావాటికి ఆ నివేదికే మూలం. దాని ప్రకారం పునాది ఖాండక్యా కాలంలో, అంటే 15వ శతాబ్దం చివర పడింది. ఆయన కొడుకు హీర్ షా దర్వాజాలు లేపాడు, లోపల రాజగృహం కట్టించాడు. మనవల కాలంలోనూ పని సాగి, ధుండ్యా రామ్ షా ఏలుబడిలో 17వ శతాబ్దం మొదట్లో గోడ పూర్తయింది. వంశావళిలోని సంవత్సరాలను రాతిమీద గీతలుగా పట్టుకోనక్కర లేదు. ఆ కాలంలో చాందా చెప్పుకోదగ్గ రాజ్యమన్నది మాత్రం నిజం. అక్బర్ కొలువులో అబుల్ ఫజల్ రాసిన అయిన్-ఇ-అక్బరీ ఇక్కడి రాజు బాబాజీని వెయ్యి గుర్రాలు, నలభై వేల కాల్బలం ఉన్నవాడిగా పేర్కొంది. అంత బలగం ఉన్న రాజులు మూడు నాలుగు తరాల పాటు రాళ్లు మోయించగలిగారంటే నమ్మవచ్చు.

పాతకాలపు నగరం గోడతోనే నగరమనిపించుకునేది. దీన్ని చైనావాళ్లు తమ భాషలోనే దాచుకున్నారు. గోడకూ నగరానికీ వాళ్లది ఒకటే మాట, చెంగ్. చైనాలోని షియాన్ నగరం చుట్టూ మింగ్ రాజులు 1370ల్లో కట్టించిన గోడ 13 కిలోమీటర్లు దాటుతుంది, ఎత్తు 12 మీటర్లు. నాలుగు దిక్కులా దర్వాజాలు, ప్రతి దర్వాజా మీదా అంతస్తుల చెక్క గోపురం. నగరం నడిబొడ్డున 1384లో గంట గోపురం, దానికి దగ్గర్లో డోలు గోపురం. పొద్దున గంట, పొద్దుగూకితే డోలు. వాటి చప్పుడును బట్టి నగరం పొద్దు లెక్క పెట్టుకునేది. గోడ నుంచి కొంత కొంత దూరానికి బయటికి పొడుచుకొచ్చిన దిమ్మెలను అక్కడివాళ్లు గుర్రం ముఖాలని పిలుస్తారు.

చాందా బురుజు పని అచ్చంగా ఆ గుర్రం ముఖం పనే. తిన్నటి గోడ మీద నిలబడ్డ కాపలావాడికి దూరపు శత్రువు కనిపిస్తాడు కానీ, గోడ మొదట్లో నక్కినవాడు కనిపించడు. వంగి చూస్తే బాణానికో గుండుకో తానే దొరికిపోతాడు. గోడను బయటికి గుండ్రంగా ఉబ్బిస్తే, ఆ ఉబ్బులో నిలుచున్నవాడు పక్కకు తిరిగి గోడ పొడుగునా కొట్టగలడు. ఒక బురుజుకు చాటుపడే జాగాను పక్క బురుజు చూసుకుంటుంది. చైనావాళ్లు చతురస్రంగా కడితే గోండులు గుండ్రంగా కట్టారు. మూల ఉన్న రాతిని గుండు తేలిగ్గా పెళ్లగిస్తుంది, గుండ్రటి రాయి మీద జారిపోతుంది. ఫిరంగులు వచ్చాక దక్కనులో గుండ్రటి బురుజులు ఎక్కువ కావడానికి ఇదొక కారణం. అంతస్తుల గోపురాలు, పగోడా కప్పులు చాందాలో ఉండవు. ఇక్కడి దర్వాజా బరువైన రాతి కమాను, అంతే.

దర్వాజాల్లో ఉత్తరానిది జట్‌పురా, తూర్పుది అంచలేశ్వర్, దక్షిణానిది పఠాన్‌పురా, పడమటిది బింబా. కమానుకు అటూ ఇటూ రాతిలో చెక్కిన బొమ్మ ఒకటి కనిపిస్తుంది. సింహం ఏనుగు మీదికి లంఘించి, పంజాలతో దాన్ని అణగదొక్కుతుంటుంది. ఏనుగు చాలా చిన్నది, సింహం కాళ్ల కింద నలిగే కుక్కపిల్లంత. ఇది గోండు రాజుల ముద్ర. చాందా రాజ్యం ఉన్నంత మేరా కోటల మీద, గుళ్ల మీద ఈ గుర్తు దొరుకుతుంది. అడవి ఏనుగులను పట్టి మచ్చిక చేసి రాజ్యమేలినవాళ్లు తమ ముద్ర మీద ఏనుగును ఓడినదానిగా ఎందుకు చూపించుకున్నారన్నది పండితులు వాదించుకునే సంగతి. దర్వాజా కింద దూరుతున్న పరాయి రాజు దూతకు మాత్రం అర్థం వెంటనే తెలిసి ఉంటుంది.

ఖిడ్కీలంటే కిటికీలు కావు, తెలుగు కోటల్లో దిడ్డి వాకిళ్లు అంటామే అవి. పెద్ద దర్వాజా మూసేశాక మనుషులు ఒకరొకరుగా వెళ్లడానికి, నీళ్లకు, పొలానికి, శవాన్ని మోసుకుపోవడానికి దగ్గరి దారులు. అయిదింటి పేర్లు బగడ్, హనుమాన్, విఠోబా, చోర్, మసాన్. మసాన్ ఖిడ్కీ శ్మశానానికి దారి. చోర్ ఖిడ్కీ పేరుకు వ్యాఖ్యానం అక్కరలేదు. హైదరాబాద్ గోడకు కూడా ఇలాంటి ఖిడ్కీలు ఉండేవి. రాజు మాట దర్వాజాల పేర్లలో వినిపిస్తే, ఊరి మాట ఖిడ్కీల పేర్లలో వినిపిస్తుంది.

గోడ లోపల అంతా ఇళ్లే ఉండేవనుకుంటే పొరపాటు. గెజిటీర్ల కాలానికి కూడా లోపల విడివిడిగా పల్లెలు, సాగుపొలాలు ఉండేవి. రామాలా చెరువు ఈ గోడ నీడలోనే ఉంది. ముట్టడి నెలల తరబడి సాగితే నీళ్లూ తిండిగింజలూ లోపలే దొరకాలన్న ముందుచూపు దీనిలో ఉంది. అంచలేశ్వర్ దర్వాజా దగ్గర ఆ స్వామి గుడి, దాని పక్కన గోండు రాజుల సమాధులు. వాటిలో పెద్దది బీర్ షాది, కట్టించింది ఆయన భార్య రాణీ హిరాయి. భర్త హత్యకు గురయ్యాక 18వ శతాబ్దం మొదట్లో రాజ్యభారం చూసుకున్న ఈమే మహాకాళి గుడిని కొత్తగా కట్టించిందని ప్రతీతి. చైత్రంలో ఆ అమ్మవారికి జరిగే జాతరకు మరాఠ్వాడా నుంచే కాక తెలంగాణ పల్లెల నుంచి కూడా జనం వస్తారు.

గోడకు బయట లాల్‌పేటలో ఒక తెలుగు జాడ పడి ఉంది, నిజంగానే పడి ఉంది. రాయప్ప అనే కోమటి పెద్ద శివాలయం కట్టాలని తలపెట్టి భారీ ఏకశిలా విగ్రహాలు చెక్కించాడు. గుడి లేవకముందే ఆయన పోయాడు. విగ్రహాలు చెక్కినచోటే ఆరుబయట మిగిలాయి. వాటిలో పది తలల దుర్గ పాతిక అడుగుల పొడవుంటుంది. తలలు లెక్కపెట్టిన ఊరివాళ్లు ఆమెను రావణుడంటారు. పురావస్తు శాఖ వీటిని రక్షిత కట్టడాల్లో చేర్చింది.

గోడ తన అసలు పని ఎంతబాగా చేసిందని అడిగితే, జవాబు అంత గొప్పగా ఉండదు. 1751లో నాగపూర్ రఘోజీ భోంస్లే చాందాను స్వాధీనం చేసుకున్నాడు. గోండుల చివరి రాజు నీలకంఠ షా బల్లార్‌పూర్ కోటలో ఖైదీ అయ్యాడు. రాజ్యం పోయింది గోడ కూలి కాదు, దర్బారు లోపలి కలహాల వల్ల. గోడకు నిజమైన పరీక్ష 1818 మేలో వచ్చింది. మూడో మరాఠా యుద్ధం చివరి దశ. పేష్వా రెండో బాజీరావు చాందా చేరి భోంస్లే బలగంతో కలవాలని చూస్తే కంపెనీ సైన్యాలు దారిలోనే అడ్డుకున్నాయి. ఆ తరవాత కర్నల్ ఆడమ్స్ నేరుగా చాందా మీదికే వచ్చి మకాం వేశాడు. కిల్లేదార్ గంగాసింగ్ లొంగనన్నాడు. ఆడమ్స్ ఆగ్నేయం మూల ఎత్తు మీద ఫిరంగులు నిలిపి ఒకే చోట వరసగా కొట్టించాడు. గోడకు గండి పడింది. మే 20న సైన్యం ఆ గండిలోంచి దూరింది. గంగాసింగ్ పోరాడుతూ చనిపోయాడు. బాణాలకూ నాటు తుపాకులకూ లెక్కవేసి కట్టిన ఇరవై అడుగుల రాతిగోడ ఇనుప గుండ్ల ముందు నిలిచింది రోజుల లెక్కన మాత్రమే. షియాన్ గోడ లోపల మట్టి దిమ్మిసా వేసి పునాదిలో పదిహేను మీటర్లకు పైగా మందంగా కట్టింది. అలాంటి గోడకు గండి కొట్టడం మాట వేరు.

భోంస్లేలకు వారసుడు లేడన్న సాకుతో 1853 తరవాత నాగపూర్ రాజ్యం మొత్తం కంపెనీ వశమైంది. గోండుల పాత రాజగృహాన్ని జైలుగా వాడుకున్నారు. 1857 తిరుగుబాటు సెగ ఇక్కడికీ తగిలింది. మోలంపల్లి జమీందారు బాబూరావు శెడ్మాకే గోండు యువకులను కూడగట్టి అడవిలో పోరాడాడు. పట్టుబడ్డాక 1858 అక్టోబర్ 21న చాందా జైలు ఆవరణలో ఉరితీశారు. చంద్రపూర్‌లో ఆయన పేరు ఇప్పటికీ రాజకీయ సభల్లో మోగుతుంది.

ఫిరంగి ముందు చెల్లని గోడలను చాలాచోట్ల ఏదో ఒకనాడు కూల్చేశారు. హైదరాబాద్‌లో మూసీ వరద, రోడ్ల వెడల్పు, కొత్త మేడలు కలిసి నగర గోడను మింగేశాయి. దర్వాజాల్లో పురానాపూల్, దబీర్‌పురా మాత్రమే మిగిలాయి. చాందా గోడ ఎందుకు మిగిలింది? దాని మీద ఎవరికో ప్రేమ ఉండి మాత్రం కాదు. 1901 జనాభా లెక్కల్లో చాందాలో ఉన్నది 17,803 మంది. అంతమందికి ఆ గోడ లోపలి జాగాయే ఎక్కువ. పొలాలు, తోటలు పోను కూడా ఖాళీ మిగిలేది. గోడ ఎవరి దారికీ అడ్డం రాలేదు, రాళ్లకోసం ఎవరికీ ఆత్రం లేదు. కొన్ని కట్టడాలు అవసరం తీరక బతుకుతాయి, ఈ గోడ ఊరు పెరగక బతికింది. తరవాత బొగ్గు గనులు, థర్మల్ విద్యుత్ కేంద్రం వచ్చాయి. గనుల్లో పనికి తెలుగు కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. 2011 నాటికి నగర జనాభా మూడు లక్షలు దాటింది. ఊరు గోడ దాటి నలువైపులా పాకింది.

గోడకు నీళ్లతో కూడా పేచీ ఉంది. వర్షాకాలం వార్ధా నది పొంగితే ఇరయీ నీళ్లు ముందుకు పోలేక వెనక్కి తంతాయి. పఠాన్‌పురా వైపు పల్లపు చేలు, బస్తీలు మునుగుతాయి. ఆ రోజుల్లో గోడ లోపలివాడికీ బయటివాడికీ తేడా బాగా తెలుస్తుంది. శత్రువును ఆపలేకపోయిన రాయి వరదను మాత్రం చాలాసార్లు నెమ్మదింపజేసింది.

ఇప్పుడు గోడకు ఉన్న శత్రువు రావి, మర్రి. పిట్ట తిని విసర్జించిన పండు గింజ రాతి సందులో పడుతుంది. సున్నం తడిని పీల్చుకుని మొలకెత్తుతుంది. మొదట్లో దారమంత వేరు, పదేళ్లకు చేయంత అవుతుంది. రాళ్ల మధ్య సున్నాన్ని పొడి చేసి, రాయిని బయటికి నెడుతుంది. కొమ్మ నరికితే మళ్లీ చిగురిస్తుంది, వేరుతో సహా పీకితే రాళ్లు ఊడొస్తాయి. ఏళ్లకేళ్లు పట్టించుకోకపోవడంతో చాలా బురుజులు పొదల్లో కనిపించకుండా పోయాయి, వాటి మీదికి దారి కూడా మూసుకుపోయింది. 2017 మార్చిలో ఎకో ప్రో అనే స్థానిక సంస్థ కుర్రవాళ్లు కొడవళ్లు, గంపలు పట్టుకుని ఒక్కో బురుజూ శుభ్రం చేయడం మొదలుపెట్టారు. రెండు వందల రోజులకు పైగా ఆ పని సాగింది. ప్రధానమంత్రి అదే ఏడాది రేడియో ప్రసంగం మన్ కీ బాత్‌లో వీళ్ల పనిని మెచ్చుకున్నారు. గోడ మీద నడిచే దారి తేలింది. సెలవు రోజుల్లో కోట నడకలు మొదలయ్యాయి. ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లు కూడా కొందరు అప్పుడే మొదటిసారి గోడ ఎక్కి తమ ఇంటి కప్పు చూసుకున్నారు.

చిక్కు అంతటితో తీరలేదు. 2010లో సవరించిన పురాతన కట్టడాల చట్టం ప్రకారం ఈ గోడలాంటి రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపు కొత్తగా ఏమీ కట్టకూడదు, ఆ తరవాతి రెండు వందల మీటర్లలో కట్టాలంటే అనుమతి కావాలి. ఒక గుడికో సమాధికో అయితే వంద మీటర్లు పెద్ద దూరం కాదు. 11 కిలోమీటర్ల గోడకు రెండు వైపులా వంద మీటర్లంటే రెండు చదరపు కిలోమీటర్లు దాటుతుంది, అదీ పాత పట్నం నడిబొడ్డున. తాతల నాటి ఇల్లు కూలిపోతున్నా కట్టుకోలేక తిప్పలు పడే కుటుంబాలకు గోడ మీద ప్రేమ కలగమంటే ఎక్కడ కలుగుతుంది? మరోపక్క జట్‌పురా దర్వాజా దగ్గర రద్దీ పెరిగినకొద్దీ ఆ కమానును ఏం చేయాలన్న వాదన ఊళ్లో లేస్తూనే ఉంటుంది. ఏనుగు, పల్లకి పోయేందుకు లెక్కవేసిన వెడల్పులో ఆటోలు, స్కూటర్లు, స్కూలు బస్సులు దూరాలి. పక్కనుంచి దారి తీయవచ్చు, కానీ కమాను ముట్టకూడదు. ఇందులో రెండో మాటేమీ లేదు.

కాజీపేట మీదుగా నాగపూర్ పోయే రైళ్లలో కొన్ని, బల్లార్‌పూర్ స్టేషన్ అయిన బల్లార్షా దాటిన కాసేపటికి చంద్రపూర్‌లో ఆగుతాయి. మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, రాతి మీద కాలు మోపలేరు. వచ్చేవాళ్లు కార్తీకానికీ సంక్రాంతికీ మధ్య రావడం మంచిది. అంచలేశ్వర్ దర్వాజా దగ్గర మొదలుపెడితే గుడి, రాజుల సమాధులు, గోడ మూడూ ఒక్కచోటే దొరుకుతాయి. లోపలికి అడుగుపెట్టే ముందు ఒకసారి తలెత్తి, సింహం కాళ్ల కింది ఏనుగును చూడండి.